గిలకబావి వీధి చప్పుడు

గమ్మునుండమని ఆ పిల్ల మాతో అననే లేదు. "మీ పనులు మీరు చేసుకోండి పెద్దమ్మా, నేను ఒక పక్కన నిలబడి రికార్డు చేసుకుంటా" అనే చెప్పింది. ఆ పిల్ల పేరు రూతు. అనంతపురంలోనే కాలేజీలో చదువుతోంది. రోడ్డు వెడల్పు పనిలో మా గిలకబావి వీధి మొత్తం పోతుందని విని, పోయేలోపల వీధి చప్పుళ్లన్నీ పట్టి దాచిపెడదామని బొచ్చు తొడుగు వేసిన మైకు ఒకటి పట్టుకుని పొద్దున్నే వచ్చింది. అంత ఆశగా వచ్చిన పిల్లకు మేం చేసిన మర్యాద ఏమిటంటే, వీధి వీధంతా నోరు మూసుకుని కూర్చున్నాం.

సోమప్ప ఇత్తడి బిందెలకు సొట్టలు తీసే సుత్తి కింద పెట్టేశాడు. బొరుగుల బట్టీ హనుమక్క మంట తగ్గించి, గరిటె పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. టీకొట్టు ముబారక్ గ్లాసులు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టాడు. దూది ఏకే విల్లు దించబోతున్న మా ఆయన చేతిలోంచి విల్లు లాక్కుని నేనే గోడకు తగిలించాను. ఎవరో కోడిపుంజు మీద గంప కూడా బోర్లించారు. "సినిమా షూటింగు కాడ చూడలేదా మీరు? కెమెరా తిరిగేటప్పుడు ఎవరన్నా దగ్గుతారా?" అని సోమప్ప అందరికీ నేర్పించాడు. వీధి ఊడ్చి, నీళ్లు చల్లి, పెళ్లిలో ఫోటోకు నిలబడినట్టు నిలబడ్డాం. ఆ పిల్ల మొహమాటపడి చాలాసేపు చెవులకు ఆ డిప్పలు పెట్టుకుని తిరిగి తిరిగి, "మళ్లీ వస్తాను పెద్దమ్మా" అని వెళ్లిపోయింది. తను మళ్లీ వచ్చేలోపల జేసీబీ వచ్చింది.

అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

మా వీధి చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు. మా అత్త నోట్లో ఉండేది, ఆమె పోయాక నా నోట్లో ఉంది. వెనకటికి ఒక పెద్ద కరువులో కణేకల్లు తట్టు నుంచి, కంబదూరు తట్టు నుంచి జనం పిల్లల్నీ చట్టీల్నీ ఎత్తుకుని వచ్చి, ఈ ఒక్క బావిలో నీళ్లున్నాయని దాని చుట్టూ దిగబడిపోయారట. బావికి నాలుగు పక్కలా గిలకలు. బొరుగులు వేయించేవాళ్లు, ఇత్తడి పనివాళ్లు, దూది ఏకే మా దూదేకులవాళ్లు, ఎవరి కులం వాళ్లది, ఎవరి దేవుడు వాళ్లవాడు, నీళ్లు మాత్రం అందరికీ అవే. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు గిలకల కీచుకే నిద్ర లేచేదాన్ని. తర్వాత బావి ఎండింది. బోరు వేశారు, అదీ ఎండింది. ట్యాంకరు వచ్చింది. గిలకలు పాత ఇనుము కింద అమ్ముకున్నారు, బావి మీద బండ కప్పారు. వీధికి పేరు మాత్రం మిగిలింది.

మా ఆయన ఫకృద్దీన్ ఆ వీధిలోనే పుట్టాడు. పరుపులు, బొంతలు కుట్టడం ఆయన పని. యంత్రాలు వచ్చి గిరాకీ పోయినా విల్లు మాత్రం రోజూ దించేవాడు. దూది ఉన్నా లేకపోయినా నరం తీగ మీద కొయ్య పిడితో టంయ్ టంయ్ అని కాసేపు కొట్టందే ఆయనకు అన్నం దిగేది కాదు. కొన్నేళ్లుగా ఆయనకు మతి పోతూ వచ్చింది. మొదట సూది ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. తర్వాత, చిలమత్తూరులో కాపురం చేసుకుంటున్న మా ఒక్కగానొక్క కూతురు షీరీన్ వస్తే, "ఎవరమ్మా నువ్వు, పరుపు కావల్లనా?" అని అడిగాడు. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేనింకా మరవలేదు. ఇది నయమయ్యే జబ్బు కాదని డాక్టరు తేల్చేశాడు.

అయినా వీధిలో ఉన్నన్నాళ్లూ నాకు భయం లేదు. ఎంత దూరం పోయినా చప్పుడు పట్టుకుని తిరిగి వచ్చేవాడు. సోమప్ప సుత్తి వినిపిస్తే అటు తిరిగేవాడు, బొరుగులు పేలే చిటపట దగ్గరికొచ్చి నిలబడేవాడు, ముబారక్ గ్లాసుల గలగల దాటగానే మా గుమ్మం ఎక్కేవాడు. ఇంకో చప్పుడు కూడా ఉండేది, చెప్పుకోవడానికి సిగ్గు. నాకూ హనుమక్కకూ పొద్దున్నే జరిగే గొడవ. ఆమె బట్టీలో వేరుశనగ పొట్టు మండిస్తుంది. ఆ మసంతా వచ్చి నా తెల్లటి దూది మీద వాలుతుంది. ఆమె నోరు చిన్నది కాదు, నాది అంతకన్నా కాదు. మేం మొదలుపెడితే ముబారక్ కొట్టు దగ్గర టీ తాగేవాళ్లు రెండో టీ చెప్పేవాళ్లు.

పడగొట్టేరోజు ముందుగా ఒక ఆటో వచ్చింది. దాని మీద మైకు. "ఇళ్లు ఖాళీ చేయండి, సామాన్లు తీసుకోండి" అని ఒకటే గోల. దాని వెనకాలే జేసీబీ. మా గోడ కూలుతుంటే మా ఆయన రెండు చెవులూ మూసుకుని బావి బండ వెనక దాక్కున్నాడు. లాగినా రాలేదు. చివరికి సోమప్ప, ముబారక్ పట్టి ఎత్తుకొచ్చారు. అప్పటి నుంచి మైకు వినిపిస్తే చాలు, ఆయన వణికి ఏదో ఒక మూలకు దూరేవాడు. చెట్టుకొకరం పుట్టకొకరం అయ్యాం. సోమప్ప కళ్యాణదుర్గంలో కొడుకు దగ్గరికి పోయాడు. హనుమక్క ఊరి బయట ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుంది. ముబారక్ బస్టాండు దగ్గర తోపుడుబండి పెట్టుకున్నాడు. మేం కొత్త కాలనీలో ఒక గదిలో చేరాం.

ఆ కాలనీలో అందరూ మంచివాళ్లే. తలుపులు మూసుకుని ఉంటారు, అంతే. మా ఆయన మాత్రం పొద్దున లేస్తే, "ఇంటికి పోదాం పా" అనేవాడు.

"ఇదే మన ఇల్లప్పా."

"ఇదెట్ల ఇల్లు? ఒగ సప్పుడే లేదే. ఎవురో సచ్చినట్ల ఉండాది ఈ వీధి. పా, పోదాం."

రోజంతా ఇదే పాట. ఒక్కోసారి నాకు ఒళ్లు మండి, "యాడికి పోతావు? ఆడేం లేదు, మన్ను తప్ప!" అని అరిచేదాన్ని. అరిచి, తర్వాత ఆయన మొహం చూసి ఏడ్చేదాన్ని. ఒకనాడు ట్యాంకరు వచ్చింది. బిందెలు తీసుకుని పరిగెత్తాను. నీళ్ల దగ్గర తోపులాట, తెలిసిందే కదా. తిరిగి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన లేడు.

అది నడివేసవి. బయట నిలబడితే చెప్పుల్లోంచి కూడా కాళ్లు కాలే ఎండ. పాతూరంతా తిరిగాను. మా వీధి ఉన్నచోట కంకర కుప్పలు, వాటి మీద కూర్చున్న కుక్కలు. అక్కడ కూడా లేడు. పోలీసులకు చెప్పాను. అల్లుడు ఫోటో పెట్టి ఫోన్లలో పంపించాడు, హిందూపురం తట్టంతా వెతికాడు. చివరికి ఒక బస్సు కండక్టరు ఫోన్ చేశాడు. "ఆయప్ప ఆడిదాకా ఎట్ల వచ్చినాడో, కళ్యాణదుర్గం కాడ మా బస్సెక్కినాడమ్మా. టికెట్ యాడికంటే, గిలకబావి వీధికంటాడు. కంబదూరు దాటినాక ఎవురో బొరుగులు తింటాంటే ఆ పొట్లం సప్పుడు ఇని, మా వీధొచ్చింది అని దిగిపోయినాడు. ఆపినా ఇనలే." అంతకన్నా ఏం చెప్పగలడు? ఆ కండక్టరును తిట్టి లాభం లేదని తెలిసీ తిట్టాను. అంతా విని ఫోన్ పెట్టేశాడు పాపం.

కంబదూరులో మైకు ఆటో మాట్లాడి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిప్పించాను. "ఫకృద్దీన్ అనే ముసలాయన, తెల్ల గడ్డం, పచ్చ గళ్ల లుంగీ" అని పొద్దస్తమానం చాటించాను. ఎక్కడా పలకలేదు. రెండోరోజు పొద్దు వాలేటప్పుడు ఒక గొర్రెల కాపరి మా ఆటోకు అడ్డం వచ్చి కర్ర ఎత్తాడు. వీరప్ప అని తర్వాత చెప్పాడు పేరు.

"ముందు ఆ మైకు కట్టేయండమ్మా!" అన్నాడు కోపంగా. "నీ మొగుడు ఆ వంకలోనే ఉండాడు. పొద్దున నా కాడికొచ్చి నీళ్లు తాగినాడు. మీ మైకు ఇనపడతానే కంపల్లోకి దూరినాడు. మళ్లా బయటికి రాబోయినాడు, మళ్లా మీ మైకు. మీరే తరుముతాండారు ఆయప్పను!"

ఖాళీ చేయండని వచ్చిన ఆటో, వెతకడానికి నేను పంపిన ఆటో, ఆయనకు రెండూ ఒకటే. ఇంత చిన్న సంగతి నా మట్టి బుర్రకు తట్టలేదు. మైకు ఆపించి, వీరప్పతో కలిసి వంకలోకి దిగాను. ఎండిపోయిన వాగు అది, దానికి అటూ ఇటూ కనుచూపు మేర కంపచెట్లు. ముళ్లు, గుంతలు, మనిషి పడుకుంటే పక్కన పోయేవాడికి కనపడడు. "ఏమప్పా! నేను, దాదాబీని! రాప్పా!" అని గొంతు పోయేలా పిలిచాను. ఎక్కడో కంప కదిలినట్టుండేది, ఇంకా లోపలికి జరిగినట్టుండేది.

"నువ్వు పిలిచినా రాడమ్మా," అన్నాడు వీరప్ప, ఈసారి మెల్లగా. "మా ఆడది ఇంటికాడ ఉండాది, ఈడెందుకుంటాది, ఎవురో మోసం చేస్తాండారు అనుకుంటాండాడు. పొద్దున నాతో అట్లే అన్నె. ఇంటికి పోతా, మా వీధి సప్పుడు ఇనపడితే సాలు పోతా అన్నె. ఇంగొగ ఎండ ఆయప్ప తట్టుకోలేడు. కాళ్లు బొబ్బలెక్కినాయి."

మా వీధి చప్పుడు! అప్పుడు గుర్తొచ్చింది రూతు. అక్కడే రాయి మీద కూర్చుని ఫోన్ చేశాను. ఆ రికార్డు పంపమ్మా, మీ అమ్మకు పుణ్యముంటుంది, దాన్ని పెట్టి మా ఆయన్ను పిలుచుకుంటా అని ఏడ్చాను.

"పెద్దమ్మా... అందులో ఏం లేదు కదా. ఆ పొద్దు మీరంతా గమ్మునుండిపోయినారు. ఒక కాకి అరిచింది, ఎవరో దగ్గి ఆపుకున్నారు. అంతే." తనూ ఏడుస్తోంది. "నేను గట్టిగా చెప్పాల్సింది పెద్దమ్మా. మీరంతా అంత ప్రేమగా నిలబడితే నోరు రాలేదు."

ఆ పిల్ల తప్పేముంది? తరతరాల వీధి, దాని చప్పుడంతా పట్టుకునే మనిషి గుమ్మంలోకి వస్తే, కోడిపుంజు మీద గంప బోర్లించిన బుద్ధి మాది. ఆ రాయి మీదే కూర్చుని కాసేపు నన్ను నేను తిట్టుకున్నాను, తర్వాత వీధినంతా పేరు పేరునా తిట్టాను. తిట్టీ తిట్టీ, ఆ పేర్లన్నీ నోట్లో తిరుగుతుంటే, మనుషులు చావలేదు కదా అనిపించింది. సోమప్ప ఉన్నాడు, సుత్తి ఉంది. హనుమక్క ఉంది. రికార్డు లేకపోతే ఏమి, వీధినే తీసుకొస్తా అనుకున్నాను. ఈ రాత్రికి ఆయన దగ్గరదగ్గరలోనే ఉండి, నీళ్ల కుండ వంక గట్టున పెట్టి, మైకులు, మనుషులు దగ్గరికి రాకుండా చూస్తానని వీరప్ప మాటిచ్చాడు. నేను అనంతపురం బస్సెక్కాను.

నేను చెప్పీ చెప్పకముందే ముబారక్ తోపుడుబండికి గుడ్డ కప్పేశాడు. "మా బావమరిది లగేజీ ఆటో ఉండాది అత్తా. నేనే తోల్తా" అన్నాడు. ఇక ఊళ్లో మిగిలింది హనుమక్క. వీధి కూలినరోజు ఆమె సామాన్లు ఎత్తుకుని నా వైపు చూడకుండా పోయింది, నేనూ పలకరించలేదు. ఇప్పుడు ఆమె షెడ్డు ముందు పోయి నిలబడ్డాను. గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

"ఫకృద్దీనన్న తప్పిపోయినాడని ఊరంతా చెప్పుకుంటాంటే నాకు ఎవురో చెప్తే తెలిసె! నీ నోరు పడిపోయిందా? బిరీన వొచ్చి చెప్పేకి ఏమొచ్చె నీకి?" అని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే ఇసక బాణలి, జల్లెడ, బియ్యం మూట ఆటోలోకి ఎక్కించింది. పొట్టు బస్తా దగ్గర ఆగి, "మంట లేకుండా బొరుగులు పేలవు, ఇది కూడా తీస్కపోవల్ల" అని దాన్నీ ఎక్కించింది. నేను చెయ్యి సాయం పట్టబోతే విదిలించుకుంది.

కళ్యాణదుర్గంలో సోమప్ప ఇంటి ముందు తెల్లవారుతుండగా ఆగాం. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. కొడుకు వద్దన్నాడు, "ఈ ఎండలో నాయనకేమన్నా అయితే ఎవురు జవాబు చెప్తారు?" అన్నాడు. అదీ న్యాయమే. సోమప్ప మాత్రం సుత్తీ, రెండు సొట్టల బిందెలూ చంకన పెట్టుకుని, "వాడు నా ఈడోడురా. సిన్నప్పుడు ఇద్దరం ఆ బావిలో దూకి ఈత నేర్సినాం" అని ఆటో ఎక్కేశాడు.

వంక గట్టున వీరప్ప ఎదురొచ్చాడు. ఉన్నాడు, లోపలే ఉన్నాడు, తెల్లవారుజామున కుండలో నీళ్లు కొంచెం తగ్గాయన్నాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఆటో కంపచెట్ల మొదట్లో ఆపి, మూడు రాళ్లు పెట్టి, హనుమక్క పొట్టు అంటించింది. బాణలిలో ఇసక కాగి, బియ్యం పోసి గరిటె తిప్పగానే చిటపటమని పేలాయి. సోమప్ప బిందె బోర్లించి సుత్తి ఎత్తాడు. ముబారక్ గ్లాసులు కడుగుతూ, "చాయ్, చాయ్" అని అరిచాడు. గదిలోంచి తెచ్చుకున్న విల్లు నేను భుజానికి ఆనించి కొట్టాను. ఏనాడూ కొట్టినదాన్ని కాదు, చూసిందే. టంయ్ మనవలసింది బొయ్ మంది.

ఎవరైనా చూస్తే పిచ్చివాళ్లనుకునేవాళ్లు. ఊరు లేదు, ఇల్లు లేదు, ఎర్రటి బీడులో నలుగురు ముసలీ ముతకా కూర్చుని మోత మోగిస్తున్నారు. కంపలోంచి ఎవరూ రాలేదు. పొద్దు నెత్తి మీదికి ఎక్కుతోంది. సోమప్ప చెయ్యి బరువెక్కి దెబ్బ తప్పుతోంది. మధ్యమధ్యలో ఆపి చెవులు రిక్కిస్తాం, మళ్లీ మొదలుపెడతాం. నాకు లోపల ఒకటే మాట తిరుగుతోంది, ఈపాటికి స్పృహ తప్పి ఏ గుంతలోనో పడి ఉంటాడు, మనం ఇక్కడ బొరుగులు వేయిస్తున్నాం.

హనుమక్క చెమట తుడుచుకుంటూ, "తలుపు గడియేసి పోవల్లని కూడా తెల్దా నీకి?" అంది. "మతి లేని మనిషిని ఇడిసిపెట్టి నీళ్లకు పోతారా ఎవురన్నా?"

రెండు రాత్రుల నుంచి నన్ను నేను అడుగుతున్న మాట అది. ఆమె నోట వినేసరికి నాకు ఒళ్లు తెలియలేదు.

"గడియేస్తే గడియ పగలగొట్టుకుంటాడే! నీకేం తెలుసు నా బాధ? నీళ్లు తేకుంటే ఏం తాగల్ల, నీ బట్టీ పొగ తాగల్లనా?"

"నా పొగ జోలికి రావద్దు!"

"వస్తానే! మా బతుకంతా నీ పొగ మింగినాం! ఎన్ని పరుపులు నాశనం చేసినావే, ముదనష్టపుదానా! తెల్లటి దూది తెచ్చి ఆరేస్తే సాయంత్రానికి కాకి రంగు!"

"మసి పడితే దులుపుకోవల్ల! నీ దూది ఎగిరొచ్చి నా బొరుగుల్లో పడితే నేనేమన్నా అన్నానా? ఒగడు బొరుగుల్లో దూది ఉండాదని మూట నా మొగాన కొట్టిపాయె!"

"అన్లేదా? అన్లేదా నువ్వు? నీ నోటికి ఊరంతా..."

గరిటె ఎత్తింది. నేను విల్లు ఎత్తాను. సోమప్ప అలవాటుగా సుత్తితో బిందె మీద గట్టిగా ఒక దెబ్బ వేసి, "ఇంగ సాలిస్తారా ఇద్దరూ, గిరాకీ పోతాండారు" అన్నాడు. ముబారక్ నవ్వాడు. అప్పుడు కంప కదిలింది.

మా ఆయన వంకలోంచి పైకి వచ్చాడు. లుంగీ చీలికలై ఉంది, మోకాళ్ల దాకా రక్తం చారలు, పెదాలు పగిలిపోయాయి. నా వైపు చూడలేదు. తిన్నగా బాణలి దగ్గరికి పోయి, "ఏమ్మా హనుమక్కా, పొద్దున్నే పొగ పెట్టద్దని ఎన్ని తూర్లు చెప్పల్ల? మా ఆడదాని నోరు తెల్సు కదా నీకి" అన్నాడు. హనుమక్క నోటి మీద గరిటె చెయ్యి పెట్టుకుని బిగ్గరగా ఏడ్చేసింది. ఆయన ముబారక్ చేతిలోని నీళ్లు గటగటా తాగాడు. నా చేతిలోంచి విల్లు తీసుకుని, "దీన్ని అట్ల పట్టుకుంటారా?" అని విసుక్కుని, ఆటో పక్కన నీడలో కూర్చుని కొట్టడం మొదలుపెట్టాడు. టంయ్, టంయ్. దూది లేదు. ఆయన ముందు ఎర్రమన్ను తప్ప ఏమీ లేదు.

మేమందరం చేతులు ఆపేసి ఆయన్నే చూస్తూ ఉండిపోయాం. అదే మేం చేసిన పొరపాటు. చప్పుడు ఆగిపోయింది. ఆయన కూడా విల్లు ఆపాడు. తల ఎత్తి చుట్టూ చూశాడు. బీడు, ఎండ, వంక. ఆయన మొహంలో భయం కమ్ముకొచ్చింది.

"ఇదేడ? ఇది మా వీధి కాదే. నేనింటికి పోవల్ల" అని లేచి, రక్తం కారే కాళ్లతో మళ్లీ వంక వైపు నడిచాడు.

"కొట్టన్నా! కొట్టు!" అని సోమప్ప మీద అరిచాను. సుత్తి పడింది. హనుమక్క ఏడుస్తూనే బాణలిలో గరిటె ఆడించింది. ఆయన ఆగాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు.

అలా తెచ్చాం ఆయన్ను. పట్టుకుని ఎక్కించలేదు, మోత మీద మోత పోసి ఎక్కించాం. వీరప్ప కర్ర ఎత్తి సాగనంపాడు. దారంతా ఆపలేదు. మంట ఆర్పినా హనుమక్క గరిటెతో బాణలి గీకుతూనే ఉంది. సోమప్ప కుడిచెయ్యి ఇక లేవకపోతే ఎడమచేత్తో కొట్టాడు. ముబారక్ బండి తోలుతూనే కిటికీలోంచి తల బయటికి పెట్టి "చాయ్, చాయ్" అని అరుస్తున్నాడు. ఎదురొచ్చే బస్సుల్లోవాళ్లు మా వైపు వింతగా చూశారు. కళ్యాణదుర్గంలో ఆసుపత్రి దగ్గర ఆపి కాళ్లకు కట్టు కట్టించి, సెలైను పెట్టించాం. అక్కడ కూడా సోమప్ప మంచం పక్కన కూర్చుని స్టీలు గ్లాసు మీద వేలితో కొడుతూనే ఉన్నాడు. నర్సు రెండుసార్లు కసిరింది. మూడోసారి సంగతి తెలిసి ఊరుకుంది.

అక్కడి నుంచి బయలుదేరేసరికి పొద్దు వాలింది. సోమప్ప కొడుకు ఎదురొచ్చి తండ్రిని దించుకున్నాడు. ఆటో కదిలింది. సుత్తి చప్పుడు లేదు. నేను ఆయన భుజం పట్టుకున్నాను. మా ఆయన తల ఎత్తి విని, "సోమప్ప అంగడి మూసినాడా?" అన్నాడు.

"మూసినాడప్పా. మాపటేళ అయ్యె కదా."

"ఊ" అన్నాడు. భయపడలేదు. వీధిలో రోజూ జరిగేదే కదా.

హనుమక్క షెడ్డు దగ్గర ఆటో ఆగింది. ఆమె బాణలి దించుకుంది. చేతి నిండా బొబ్బలు. నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లలో మొదటిసారి మా ఇద్దరికీ మాట దొరకలేదు.

"హనుమక్క పొయ్యి ఆర్పె" అన్నాడు మా ఆయన.

"ఆర్పినాదప్పా."

కాలనీ గది ముందు ముబారక్ ఆయన్ను ఎత్తి లోపల పడుకోబెట్టాడు. పొద్దున్నే బావమరిదికి బండి ఇచ్చేయాలి, తోపుడుబండి తెరవాలి. గడప దగ్గర నిలబడి, "అత్తా, నేను మజ్జ మజ్జలో వస్తాంటా" అన్నాడు తల వంచుకుని. రావడం కుదరదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆటో వెళ్లిపోయింది. కాలనీలో తలుపులన్నీ మూసి ఉన్నాయి.

నేను గడియ వేసి ఆయన పక్కన కూర్చున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి ఆయనకు. మొహం ఎంత నిమ్మళంగా ఉందో! ఇంటికి వచ్చిన మొహం అది. నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"అంతా మూసినారు కదా?"

"అంతా మూసినారప్పా."

"తెల్లారితే తెరుస్తారు కదా?"

ఆయన నా చెయ్యి వదలకుండా జవాబు కోసం చూస్తున్నాడు.

"తెరుస్తారు" అన్నాను. "పండుకో."

ఆయన పడుకున్నాడు. నేను తెల్లవారుతుందేమోనని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.